ఆ ఫైలు నాదే

గుంటూరులో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. పంటలో తేమ చెప్పే యాప్‌లో మిర్చి ఫైలు కరీముల్లా రాశాడు, పత్తి ఫైలు నేను రాశాను. ప్రతి ఫైలు పేరులోనూ దాని పంట పేరు ఉండాలని నియమం పెట్టింది నేనే.

వినుకొండ దగ్గర కళ్లంలో రైతులకు చూపిస్తుంటే, గలగలలాడే ఎండు మిరపకాయలకు "తేమ ఎక్కువ" అని వచ్చింది.

"పది రోజులు ఎండబెట్టానయ్యా!" అని రైతు మండిపడ్డాడు.

"ఏం రాశావ్‌రా?" అని అందరి ముందూ కరీముల్లా మీద అరిచాను.

అతను ల్యాప్‌టాప్ నావైపు తిప్పాడు. అతని ఫైలునే కాపీ చేసి పత్తి లెక్కలు రాసుకున్న నేను, పేరు మార్చడం మరిచాను. ఫైళ్లన్నీ కలిపి యాప్ తయారుచేసే బిల్డ్‌లో ఒకే పేరున్న రెండు ఫైళ్లలో నాది మిగిలి, అతనిది పోయి, మిర్చికీ పత్తి లెక్కే పడింది.

"పొరపాటు నాదేనండి" అన్నాడతను రైతుతో.

అక్కడ అనలేని మాట ఇక్కడ రాస్తున్నాను: తప్పు నాది, కరీముల్లా.