మరల డాక్టరు తేల్చిన రోగం

పళ్ళ గిడ్డంగిలో అందరూ ఆయన్ని డాక్టరనే పిలిచేవారు. చదివింది ఎనిమిదో తరగతి. చల్లగదుల మరలు బాగుచెయ్యడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను వాల్వు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. లోపల గ్యాసు బుసకొడుతోందో ఊరుకుందో చెప్పేసేవాడు. ఆ చెవి తప్పు చెప్పగా ఎవరూ ఎరగరు.

ఆయన పని నేర్పింది బామ్మర్దికి. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. వాడిది నెమ్మది చెయ్యి. విప్పిన ప్రతి నట్టునూ గుడ్డ మీద వరసగా పేర్చుకునేవాడు.

"బడిపిల్లల్లా నిలబెట్టావేంట్రా వాటిని? హాజరు తీసుకుంటావా?" అని బావ వేళాకోళం.

"తొందరగా బిగిస్తే తొందరగానే విప్పాలి బావా" అనేవాడు వాడు, తలెత్తకుండా.

ఆ ఏడు ఎండలు ముదిరాక మూడో గది మొరాయించింది. గది చల్లబడగానే, గ్యాసు ద్రవంగా వెళ్ళే గొట్టంలో ఉన్న కరెంటు వాల్వు మూసుకోవాలి. అది మూసుకున్నాక కంప్రెసర్ గదివైపు మిగిలిన గ్యాసునంతా లాగి, వెనక ట్యాంకులోకి తోసేసి, తనంతట తాను ఆగాలి. పంప్‌డౌన్ అంటారు దీన్ని. మూడో గదిలో అది జరగడం లేదు. ఒత్తిడి చూపే గేజీ ముల్లు సగందాకా దిగి అక్కడే వేలాడుతోంది. మర ఆగకుండా మూలుగుతోంది. వాల్వైనా పూర్తిగా మూసుకోకపోయుండాలి, లేదా కంప్రెసర్‌కి లాగే సత్తువైనా పోయుండాలి. వారం కిందటే ఆ కంప్రెసర్ విప్పి, లోపల గ్యాసుని వెనక్కి పోనివ్వని కొత్త రేకులు వేసింది బామ్మర్ది.

యజమాని, గుమాస్తా, పెట్టెలు మోసే పదిమందీ చుట్టూ చేరారు. డాక్టరు స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాడు. ఏ చప్పుడూ లేదు.

"వాల్వు రాయిలా మూసుకుంది. రోగం కంప్రెసర్‌దే."

"బావా, వాల్వుకి ముందు చేత్తో తిప్పేది ఉందిగా, అది ఒకసారి కట్టేసి చూద్దాం" అన్నాడు బామ్మర్ది. "ముల్లు దిగితే కరెంటు వాల్వు కారుతున్నట్టు. దిగకపోతే నా రేకులదే తప్పు. ఐదు నిమిషాల పని."

"తాతకు దగ్గులు నేర్పినట్టుంది! నా చెవికంటే నీ ముల్లు గొప్పదా?"

"నేర్పడం కాదు బావా. చూడమంటున్నా, అంతే."

"చూసేదేముంది? రేకులు తిరగేసి బిగించుంటావు. నట్లకి హాజరు తీసుకుంటూ కూర్చుంటే రేకులెక్కడ కనపడతాయిరా?"

మోసేవాళ్ళు గొల్లుమన్నారు. సరుకు మగ్గిపోతోందన్న కంగారులో ఉన్న యజమాని, రేపట్నించి రావద్దని బామ్మర్దికి అక్కడికక్కడే చెప్పేశాడు. డాక్టరు ఒక్క మాట అడ్డం వెయ్యలేదు.

"నాలుగు రోజులు పోనిచ్చి నేనే మళ్ళీ పనిలో పెట్టిద్దాంలే అనుకున్నా" అని, తర్వాత ఈ సంగతంతా చెబుతూ నాతో అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా మొహం చూడలేదు.

పదో రోజున కొత్త కంప్రెసర్ వచ్చింది. బిగించాడు, నడిపాడు. ముల్లు సగందాకా దిగి అక్కడే వేలాడింది.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళాక, చేతి వాల్వు కట్టాడు. ముల్లు జరజరా దిగింది. మర ఆగింది. దిగిన ముల్లు మళ్ళీ లేవలేదు. కరెంటు వాల్వు విప్పి చూస్తే, దారి మూసే బిళ్ళ కూర్చునేచోట గొట్టాలు అతికినప్పుడు రాలిన ముక్కొకటి ఇరుక్కుని ఉంది. పక్కన పడేసిన పాత కంప్రెసర్‌ని కూడా విప్పాడు. రేకులు ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. ముక్క ఇరుక్కున్న వాల్వు ఆ రోజు బుస కొట్టకుండా ఉండే వీల్లేదు. మరల హోరులో ముప్ఫై ఏళ్ళు నిలబడిన చెవి, చెప్పాపెట్టకుండా ఎప్పుడో పోయింది.

భార్య పదిరోజులుగా కంచం ముందు పెట్టి వెళ్ళిపోతోంది, మాటల్లేవు. సంగతంతా చెబితే అప్పుడు నోరు విప్పింది.

"నేను పిలిస్తే మీరు పలక్క ఏడాదవుతోంది. పొగరనుకున్నా. చెవుడని తెలిస్తే కాస్త తక్కువ తిట్టుకునేదాన్ని." ఆయనకి వినపడేలా గట్టిగా, "వెళ్ళి వాణ్ణి నిలబెట్టండి" అంది.

మర్నాడు యజమాని గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. యజమాని చాలాసేపు బల్ల మీద వేళ్ళతో కొట్టాడు.

"మర కొనిపించాక చెబుతున్నావా డాక్టరూ? మీ బామ్మర్ది చోటులో వేరేవాడు వచ్చేశాడు. నువ్వూ ఇక ఇంటిపట్టునే ఉండు."

బామ్మర్ది బస్సులు కడిగే షెడ్డులో దొరికాడు. గొట్టం చేత్తో పట్టుకునే అంతా విన్నాడు.

"యజమానికి చెప్పావా?"

"చెప్పాను."

"ఎక్కడ?"

"ఆయన గదిలో."

"తలుపు తీసుందా, వేసుందా?"

"వేసే ఉంది."

"నా పరువు పదిమందిలో తీశావు బావా. నీ తప్పు మాత్రం తలుపేసుకుని చెప్పుకున్నావు. ఏ చల్లగదికెళ్ళి పని అడిగినా, రేకులు తిరగేసినవాడివి నువ్వేగా అంటున్నారు. ఆ పదిమందికీ చెప్పు. అప్పుడొస్తా మీ ఇంటికి."

మర్నాడు పొద్దున్నే డాక్టరు గిడ్డంగికి వెళ్ళాడు. రానివ్వొద్దన్నారని కాపలావాడు గేటు తియ్యలేదు. లోపల రెండు లారీలు ఇంజన్లు ఆపకుండానే సరుకు ఎక్కించుకుంటున్నాయి. ఆ హోరులో గేటు ఊచలు పట్టుకుని, "తప్పు నాదిరా! వాడి రేకులు మంచివే!" అని గొంతు చించుకున్నాడు. ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగారు. డాక్టర్ని గుర్తుపట్టి నవ్వుతూ ఏదో అన్నారు. చేతులూపి మళ్ళీ పెట్టెలెత్తుకున్నారు.

"నేనూ ఊపాను" అన్నాడు నాతో. "ఏం చెయ్యను మరి?"

బామ్మర్ది ఇప్పటికీ ఆ గుమ్మం తొక్కలేదు.