మడత విప్పని చొక్కా

ఆ అయిదంతస్తుల బిల్డింగులో ఎవరి కాపురం ఎలా ఉందో దేవుడికన్నా ముందు ఇస్త్రీ ఆయనకే తెలుస్తుంది. కాలరు చూసి ఎవరికి ఉద్యోగం ఊడిందో చెప్పేస్తాడు. ఇంట్లోంచి ఒక దుప్పటి బదులు రెండొచ్చాయంటే మొగుడూ పెళ్లాలకి మాటల్లేవని లెక్క. ఆయన పేరేమిటో మాత్రం ఆ బిల్డింగులో ఒక్క పురుగుకీ తెలీదు. ఇరవై రెండేళ్లు మెట్ల కింద మెడ వంచుకుని నిలబడీ నిలబడీ, ఇప్పుడు నడిరోడ్డు మీద కూడా నెత్తిన మెట్లున్నట్టే నడుస్తాడు పాపం.

నలభై ఎనిమిదో ఏట ఆయనకో కొత్త జబ్బు పట్టుకుంది. నడుము నొప్పి కాదు, అది పాత చుట్టమే.

"బతుకంతా ఊళ్లోవాళ్ల బట్టలు సాపు చేశానే. నా లోపల మాత్రం ఉండచుట్టి మూల పారేసినట్టుంది" అన్నాడు పెళ్లాంతో.

"కాసిని నీళ్లు చిలకరించుకుని పడుకో. పొద్దున్నకి అదే సాపవుతుంది" అందావిడ. నాలుగిళ్లలో వంట చేసొచ్చిన మనిషికి వేదాంతం వినే ఓపికెక్కడిది?

సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు టీచరమ్మ మేడ మీద గదిలో సాయంత్రం పూట ధ్యానం క్లాసు మొదలెట్టింది. ఈయనా వెళ్లి చివరి వరసలో కూలబడ్డాడు. మోక్షం గీక్షం ఏమీ వద్దు ఆయనకి. ఇన్నేళ్లలో "లోపలికి రా, కూర్చో" అన్న గడప ఆ బిల్డింగులో ఒక్కటీ లేదు. నలుగురి మధ్య కూర్చునే చోటు ఒకటి దొరికితే ఆ ఉండ కాస్త విడుతుందేమోనని ఆశ.

"మనసుని ఎక్కడికీ పోనివ్వకండి. ఇక్కడే ఉండండి" అంది టీచరమ్మ.

"ఇరవై రెండేళ్లుగా ఇక్కడే ఉన్నానమ్మా, మెట్ల కింద."

అందరూ నవ్వారు. వాళ్ల నవ్వు ఆగేలోపే ఆయన నిద్రపోయాడు. గురకంటే అలాంటిలాంటి గురకా? నీళ్ల ట్యాంకులో అలలు లేచాయి. మూడు రోజులు ఇదే వరస.

నాలుగో రోజు టీచరమ్మ పక్కకి పిలిచింది. "చూడు బాబూ, ఇంకోసారి గురక పెట్టావంటే ఇక రావద్దు. పని చేసుకుంటూ కూడా శ్వాసని గమనించొచ్చు. ముందు అది సాధన చెయ్యి."

మర్నాడు సోమవారం. సోమవారమంటే నాలుగో అంతస్తు ముసలాయన చొక్కా. ఒంటరి మనిషి, ఒకప్పుడు కంపౌండరు. వారానికి ఒక్కటే తెల్ల చొక్కా. ఇస్త్రీ ఆయన పొద్దున వెళ్లి తెచ్చుకుంటాడు, సాయంత్రం ఇచ్చొస్తాడు. తలుపు సగం తెరుచుకుంటుంది. "బావున్నావా?" "ఆఁ, బాబుగారూ." తలుపు మూసుకుంటుంది. విచిత్రమేమిటంటే ఆ చొక్కా విప్పితే కిందటి వారం తను వేసిన మడతలే ఉంటాయి. చెమట లేదు, మరక లేదు. తొడుక్కోని చొక్కాని రెండేళ్లుగా ఇస్త్రీ చేస్తున్నాడు! ముసలాయనకి ఒక మర వదులనుకుని ఊరుకునేవాడు.

ఆ రోజు దాని మీద ఇస్త్రీ పెట్టె ఆనించి, కళ్లు మూసుకుని శ్వాసని గమనించాడు. లోపలికి. బయటికి. పదకొండో శ్వాసలో కమురు వాసన వచ్చింది. చొక్కా వీపు మీద ఇస్త్రీ పెట్టె బొమ్మ, ముక్కుతో సహా దిగిపోయింది.

ఈ పనిలో ఉన్నవాళ్లకి తల్లి కడుపులోనే వచ్చే విద్య ఒకటుంది: కాలిన చోటు లోపలికి పోయేలా మడత పెట్టడం. పెట్టాడు. తీసుకెళ్లి ఇచ్చాడు. ముసలాయన ఎలాగూ విప్పడుగా!

సాయంత్రం క్లాసులో కూర్చున్నాడు. నిద్ర రాలేదు. ఒళ్లంతా పుండులా ఉంది, రెప్పలు సీసం ముద్దల్లా ఉన్నాయి, అయినా రాలేదు.

టీచరమ్మ మురిసిపోయింది. "చూశారా! ఇవాళ ఈయన ఇక్కడే ఉన్నాడు."

"లేదమ్మా. నాలుగో అంతస్తులో ఉన్నాను" అని లేచి వెళ్లిపోయాడు.

తలుపు సగం తెరుచుకుంది.

"బాబుగారూ, ఆ చొక్కా కాల్చేశాను. మడతలో దాచి ఇచ్చాను. తప్పయిపోయింది."

ముసలాయన లోపల్నించి చొక్కా తెచ్చి విప్పి, ఆ మచ్చని వేలితో తడిమాడు.

"చంపావు కదయ్యా! వచ్చే సోమవారం నీకేమివ్వను? బీరువాలో ఇక బనీన్లే ఉన్నాయి."

"మీరు తొడుక్కోరుగా."

"నీకు తెలుసా?"

"మడతలు నావే కదండీ."

"మరి రెండేళ్లుగా అడగవేం?"

"మీరు చెప్పలేదుగా."

ముసలాయన చొక్కాని భుజాన వేసుకున్నాడు. "వారానికోసారైనా తలుపు కొట్టేవాడొకడు ఉండాలి కదయ్యా" అని, తలుపు రెండో రెక్క కూడా తీశాడు. తుప్పు పట్టిన గడియ వీధి చివరిదాకా వినబడేలా అరిచింది. "నిలబడ్డావేం? లోపలికి రా. కూర్చో."

వెళ్లి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. తర్వాత కాస్త వెనక్కి జరిగాడు. ముసలాయన మంచినీళ్లు తెచ్చేసరికి గురక.

కింద ఇస్త్రీ బట్టల కోసం బిల్డింగంతా గోల. "ఏడీ ఇస్త్రీ? ఎక్కడ చచ్చాడు?" అని మెట్లన్నీ వెతుక్కుంటూ రెండో అంతస్తావిడ నాలుగోదాకా ఎక్కింది. ముసలాయన గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"ఇక్కడే ఉన్నాడు. లేపకమ్మా. ఇంకా పేరు కూడా అడగలేదు."