గట్టు మీది కేక

నా గొంతు పెద్దదని నాకు చిన్నప్పటినుంచీ గర్వం. ఎర్రగుంట్ల దగ్గర మా నాయన వదిలిపోయిన బండల గని చేతికొచ్చాక, ఆ గొంతు ఉంటే చాలు వ్యాపారం నడిచిపోతుందనుకున్నాను. గట్టు మీద వేపచెట్టు నీడలో నిలబడి కేకేస్తే, కింద గుంతలో పదిమంది ఉలులు కొడుతున్నా వినపడి తీరాలి. పని చెప్పడమంటే అదే. చెప్పేసి, వెనుదిరిగి పోయేవాణ్ణి. అర్థమయిందా అని అడగడం చిన్నతనమనుకునేవాణ్ణి.

మా గనిలో పెద్ద మేస్త్రి మా నాయన కాలం నాటి మనిషి. నేను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను నాయనా అనేవాడు. పొర చెడకుండా బండ లేపాలంటే ఆయనే. ఆయన గీసిన గీత మీదే తక్కినవాళ్ళు మారుమాట లేకుండా ఉలి పెట్టేవాళ్ళు. లేపిన బండ మీద అరచెయ్యి పెట్టి సుత్తితో తట్టి చూసేవాడు. కణకణమంటే మంచి బండ, మొద్దుగా మోగితే లోపల నెర్రె ఉన్నట్టు. ఆయన సరే అన్న బండ మద్రాసు దాకా పోయినా, పగిలిందని తిరిగి రాలేదు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఒక కంట్రాక్టరు అక్కడి ఆఫీసు గదులకు బండలు కావాలని వచ్చాడు. నెల గడువు. ఇవి బాగుంటే ముందు ముందు కట్టేవాటికీ నా దగ్గరే తీసుకుంటానన్నాడు. మేము మామూలుగా కోసేవి అడుగున్నర బండలు, ఆయన అడిగినవి రెండడుగులవి. ఆ మాట గట్టు మీదినుంచి కేకేసి, లారీ మాట్లాడడానికి కడపకు పోయాను.

నాలుగో రోజు వచ్చి చూద్దును కదా, అన్నీ అడుగున్నర బండలే! నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకు పొగరెక్కింది మామా! నా మాటంటే లెక్కే లేదు!" అని అందరి ముందూ నోటికొచ్చినట్టు అరిచాను.

ఆయన నా ముఖం కేసి కాసేపు చూశాడు. సుత్తి కింద పెట్టి, తలగుడ్డ దులుపుకుని, పైకెక్కి వెళ్ళిపోయాడు. మరునాడు ఆయన రాలేదు. ఆయన లేకుండా బండ ముట్టబోమని తక్కినవాళ్ళూ రాలేదు.

రెండు రోజులు నేనూ పంతం పట్టాను. మూడో రోజు, పక్క గని యజమాని మేస్త్రి ఇంటికి వెళ్ళొచ్చాడని తెలిసింది. అప్పుడు పుట్టింది భయం. ఆయన అటు పోతే కర్నూలు పని ఒక్కటే కాదు, నా గనే మూతపడుతుంది. కోపంలో కోసుకున్న ముక్కు శాంతంలో అంటుకుంటుందా అని మా అమ్మ నన్ను చూసి ఊరికే అనేది కాదు.

పొద్దున్నే వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆయన అరుగు మీద వీధికి వీపు పెట్టి కూర్చుని ఉలులు నూరుకుంటున్నాడు. జీవితంలో మొదటిసారి మెత్తగా పిలిచాను. తిరగలేదు. మళ్ళీ పిలిచాను. తిరగలేదు. ఇంత దూరం దిగివస్తే ముఖం కూడా చూడడా అని కోపం నషాళానికెక్కింది. వెనక్కి రెండడుగులు వేశాను కూడా.

అంతలో ఆయన భార్య బయటికొచ్చి, నన్ను చూసి, ఆయన భుజం తట్టి వీధి వైపు చూపించింది. ఆయన తిరిగాడు. ఆ ముఖం విప్పారిన తీరు నాకింకా గుర్తే.

"ఎంతసేపయింది నాయనా వచ్చి? ఆడనే నిలబడినావేమి? రా, కూచ్చో."

ఆమె మజ్జిగ చెంబు చేతికిస్తూ చెప్పింది. "ఏడాదయింది నాయనా, చెవులు పూర్తిగా పోయినాయి. నీకు చెప్పొద్దన్నాడు. బండ పలికేది వినలేనోనికి గనిలో పనేముంటాదని భయం. మొన్న కొలత తప్పినంక అది బయటపడిందనుకోని ఇంట్లోనే ఉండిపోయినాడు."

సిగ్గుతో చెంబు పక్కన పెట్టి, ఆయనకు ఎదురుగా జరిగి కూర్చుని అడిగాను. "పక్క గనాయన వచ్చిపోయినాడంట గదా మామా?"

ఆయన నా పెదాల వైపే చూశాడు. "వచ్చినాడు. రానన్నా. ఆయప్ప పెదాలు కదలకుండా గొణుగుతాడు, ఒక్క ముక్క తెలియదు. నువ్వయితే అరిసేటప్పుడు ఇంత నోరు తెరుస్తావు, శానా మటుకు తెలుస్తాది. గట్టు మీదినుంచి, ఈపు తిప్పుకోని చెప్తే ఎట్ల తెలియాల?"

ప్రాణం లేచొచ్చింది నాకు. ఆయనకు నా మీద కోపం లేదు, నన్ను వదిలిపోయే ఆలోచనా లేదు. నా అరుపులు ఒకరికి పనికొచ్చాయని విన్నది కూడా అదే మొదలు.

"మరి ఏడాదిగా నెర్రెలెట్ల కనిపెడతాండావు?" అన్నాను. ఆయన నా చెయ్యి లాగి అరుగు బండకు ఆనించి, సుత్తితో తట్టాడు. వణుకు నా మణికట్టు దాకా వచ్చింది. మూలనున్న పగిలిన బండ మీద పెట్టి తట్టాడు. ఏమీ రాలేదు.

"నెర్రె ఉంటే ఆడనే ఆగిపోతాది" అన్నాడు. ఆ ఏడాది కూడా ఒక్క బండ తిరిగి రాలేదన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది.

కర్నూలు బండలు గడువు దాటి నాలుగు రోజులకు వెళ్ళాయి. కంట్రాక్టరు కాస్త సణిగాడు గానీ మళ్ళీ వచ్చాడు. అడుగున్నరవి మా ఇంటి వాకిట్లో పరిచాను, ఇప్పటికీ ఉన్నాయి.

ఆయన తిరిగొచ్చిన పొద్దు మాత్రం నేను గట్టు మీద నిలబడలేదు. గుంతలోకి దిగాను. అందరి ముందూ తిట్టాను కాబట్టి అందరి ముందే చెప్పాలనుకున్నాను. ఆయన ఎదురుగా నిలబడి, "తప్పు నాది మామా!" అన్నాను. అలవాటు కొద్దీ అది గుంతంతా మారుమోగింది.

ఆయన నవ్వి, నా మెడ మీద ఉబ్బిన నరాల వైపు వేలు చూపించాడు.

"అరవాకు నాయనా. ఎదురుగానే ఉండా గదా."