చివరి గదిలో లైటు

చీకటి పడ్డాక ఇళ్లను ఫొటోలు తీయడం నాకో పిచ్చి. ఇందాక సిప్పీఘాట్‌లో ఒక ఇంటి ముందు ట్రైపాడ్ పెట్టాను. చివరి గది ఒక్కటే చీకటిగా ఉంది. "దీదీ, ఆ లైటు కూడా వేస్తారా?" అని ఇంటావిడని అడిగాను. ఆవిడ కాసేపు తటపటాయించి, వెళ్లి వేసింది.

అంతలో వాళ్లాయన వచ్చాడు. ఆ కిటికీ చూసి, స్కూటర్ ఇంజన్ ఆపకుండానే దిగి పరిగెత్తాడు.

"గదిలో ఎవరే?"

"ఎవరూ లేరండీ. ఫొటోకని వేశాను."

ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. "మా బిటియా గది భయ్యా, మా పాపది. పోయినేడు జ్వరమొచ్చి పోయింది. ఒక్క క్షణం మర్చిపోయాను."

నేను ట్రైపాడ్ మడవబోయాను. "ఫొటో తీసుకో," అన్నాడాయన. భార్య వైపు తిరిగి, "ఈ రాత్రికి ఆర్పకు," అన్నాడు.

ఫొటో చాలా బాగా వచ్చింది, అదే నా బాధ. ఇక్కడ పెట్టడానికి మనసొప్పట్లేదు. మీరైతే పెడతారా?