బావ కంటికి ఆనని పిజ్జా

మా బావ బట్టలు కోసే కత్తెర మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. కత్తెర మీద ఒట్టేమిటని నవ్వకండి. ఇంట్లో ఇంకెవరైనా దాన్ని ముట్టుకుంటే ఆయన ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడడు. అలాంటి వస్తువు మీద ఒట్టు వేసి అబద్ధమాడే ధైర్యం నాకు లేదు.

బావ అంటే మా అక్క భర్త. కామారెడ్డిలో దర్జీ. మేడ మీద ముందుగదిలో మిషను, వెనక రెండు గదుల్లో కాపురం. నాది ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం. సరుకు కోసం కామారెడ్డి వెళ్లినప్పుడల్లా ఆ మెట్లు ఎక్కేవాణ్ని. మా ఇద్దరికీ షుగర్ ఉంది. అందులోనూ ఆయన తన పెద్దరికం వదులుకునేవాడు కాదు.

"నీది నిన్న మొన్నటి షుగర్ రా బామ్మర్ది. నాది ఖాందానీ షుగర్. మా బాపు నుంచి అచ్చింది."

2012లో, అప్పటికి మాది ఇంకా నిజామాబాద్ జిల్లానే, మేడ కింది బేకరీలో పిజ్జా మొదలైంది. సాయంత్రం భట్టీ వేడెక్కిందంటే ఆ వాసన మెట్లెక్కి నేరుగా బావ మిషను దగ్గరికి వచ్చేది. కొలతలు ఇవ్వడానికి వచ్చేవాళ్లు గుమ్మం దగ్గర చెప్పులు విడవడానికైనా ఆగేవారు. వాసన అక్కడ కూడా ఆగేది కాదు.

ఆయన మొట్టమొదటి పిజ్జా తిన్ననాడు నేను అక్కడే ఉన్నాను. ముక్క పట్టుకుని లాగాడు. చీజు సాగింది. ఇంకా లాగాడు. ఇంకా సాగింది. తెగుతుందేమోనని వెనక్కి నడిచాడు, తెగలేదు. చివరికి ఆ పోగు మిషను చక్రానికి తగులుకుని బాబిన్‌కు చుట్టుకోవడం మొదలుపెట్టింది. బావ అసలైన దర్జీ కదా, కాలు ఆడించి మొత్తం చుట్టేశాడు. ఆ దారంతో ఒక పెండ్లికొడుకు షేర్వాణీకి గుండీ కూడా కుట్టాడు. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టారు గానీ గుండీ ఊడలేదు.

ఆనాటి నుంచి సాయంత్రం పిజ్జా లేకపోతే ఆయనకు పొద్దు గూకేది కాదు.

ఇక్కడిదాకా నవ్వుకున్నా ఫరవాలేదు. ఆ ఏడాదే బావ కళ్లలో మోతిబిందు, అదే శుక్లం, ముదిరింది. ముందు సూదిలో దారం అక్క ఎక్కించాల్సి వచ్చింది. తరువాత నల్ల ప్యాంటుకు కాఫీరంగు దారం పడింది. ఒకాయన చొక్కాకు జేబు కుడివైపు వచ్చింది. గిరాకీ ఒక్కొక్కరే బజారు అవతలి దర్జీ దగ్గరికి జారుకుంటున్నారు. కంటి డాక్టరు చూసి, ముందు షుగర్ దిగాలి, అప్పుడే ఆపరేషన్ అన్నాడు. చెప్పిన తేదీ ఒకసారి తప్పింది, మళ్లీ తప్పింది. కళ్లు రాకపోతే మిషను మూయాలి. మిషను మూస్తే మా బావ ఏమవుతాడో ఊహించుకోవడానికి కూడా మా అక్క ఒప్పుకునేది కాదు.

"అన్నం తక్కువ చేసిన. చక్కెర బంద్ చేసిన. గా పిజ్జా ఒక్కటి మాత్రం మానుమనకుండ్రి," అన్నాడు బావ, మా ఇద్దరికీ చేతులు జోడించి.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "తమ్మీ, కతలు మస్తుగ చెప్తవు కదా. జర పనికచ్చేది చెయ్యి. పిజ్జానన్న మాన్పియ్యి, లేకుంటే షుగర్ పెరగని పిజ్జానన్న దొరకవట్టు."

మాన్పించడం నా చేత కాదు. రెండోదే నన్ను పట్టుకుంది. షుగర్ పెరగని పిజ్జా అసలు ఉంటుందా? అసలు పిజ్జాలో పిజ్జా అనేది ఎక్కడుంటుంది? కింది రొట్టెలోనా, పైన చీజులోనా, మధ్యలో పూసే ఎర్ర చట్నీలోనా? ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను ఇదే ఆలోచించాను. పక్కాయన యూరియా ఎప్పుడొస్తదని అడిగితే, "అది మైదా మీద ఆధారపడి ఉంటది," అన్నానట.

మరుసటి వారం బేకరీలోకి వెళ్లి, ఒక పిజ్జాను పొరలు పొరలుగా విడదీసి కాగితం మీద పరిచాను. బేకరీ ఆయన గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

"ఏమైంది అన్నా? వెంట్రుక గిట్ల అచ్చిందా?"

"లేదు. ఇందులో ఏమేం ఉన్నయో చూస్తున్న."

"తినేది తినక, పోస్టుమార్టం చేస్తరా ఎవరన్న?"

మంచివాడే. అడిగినవన్నీ చెప్పాడు. కింది రొట్టె పూర్తిగా మైదా. ఎర్ర చట్నీ సీసాలోది. వేలితో నాకి చూస్తే బెల్లం పానకమే. మిగిలింది చీజు, ఉల్లిగడ్డ, క్యాప్సికం. దొంగలు కిందా మధ్యలోనూ ఉన్నారు, పైవాళ్లు పాపం పెద్దమనుషులే అని నాకు అనిపించింది.

చట్నీ సంగతి తేలికగానే తేలింది. టమాటాలు, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు వేసి అక్క ఇంట్లోనే ఉడికించింది. చిక్కంతా రొట్టెతోనే. గోధుమపిండితో చేయించాను. తిన్న రెండు గంటలకు వేలు పొడిచి మీటర్లో చూస్తే మైదాకూ దానికీ పెద్ద తేడా కనిపించలేదు. పొడిచింది నా వేలే. బావ తన వేళ్లను సూది దగ్గరికి రానిచ్చేవాడు కాదు. కళ్లు మసకబారాక ఆయన కుట్టేది వేళ్లతో తడుముకునే కదా. అందుకే ప్రతి వంటకం ముందు ఎల్లారెడ్డిలో నా మీద పరీక్ష జరిగేది. నా భార్య మీటర్ చూసి పాస్, ఫెయిల్ అని చెప్పేది.

తరువాత జొన్నరొట్టె. మా దిక్కు ఎవరినడిగినా ఒకటే మాట, జొన్నరొట్టె తింటే షుగర్ రాదని. పలుచటి రొట్టె ఒకటి చేసి, పైన చట్నీ, చీజు వేసుకుని తిన్నాను. మీటర్ మర్యాదగా ఉంది. పరుగున కామారెడ్డి వెళ్లి బావకు పెట్టాం. ఆయనకు నచ్చింది. నచ్చడమే కొంప ముంచింది. రాదు అన్నారు కాబట్టి రానే రాదనుకుని, ఒకటి తరువాత ఒకటి, కడుపు పట్టినన్ని తిన్నాడు. మరునాడు ల్యాబులో పరీక్ష చేయిస్తే మూడు వందలు దాటింది.

"జొన్నలు గూడ మోసం చేసినయి రా!" అన్నాడు బావ.

"జొన్నలు ఏం చెయ్యలే బావా. ఒక్కటి తినమంటే రొట్టెల బుట్ట ఖాళీ చేసినవు."

"ఒక్క రొట్టెకు చెయ్యి గూడ తడవది. గసొంటిది పిజ్జా ఎట్లయితది?"

ఆ మాట నన్ను చాలాదూరం తీసుకెళ్లింది. ఆయనకు కావలసింది రొట్టె కాదు. పైన సాగాలి, కింద చెయ్యి నిండాలి, కొరికితే అంచు కరకరలాడాలి. కింద ఉన్నది ఏ గింజో ఆయన నాలుకకు అక్కర్లేదు. అయితే అసలు గింజే ఎందుకు?

మా ఇళ్లలో సర్వపిండి చేస్తారు. చల్లటి గంజు గిన్నెలో నూనె రాసి, బియ్యప్పిండి ముద్దను వేళ్లతో అదిమి, అక్కడక్కడా వేలితో పొక్కలు పొడిచి, మూతేసి కాలుస్తారు. అంచులు కరకరలాడతాయి. అక్కను ఆ పద్ధతే ఉంచమన్నాను, బియ్యప్పిండి మాత్రం తీసేయమన్నాను. దాని బదులు సన్నగా తురిమి, లైనింగ్ బట్టలో వేసి నీళ్లు పిండేసిన గోబిగడ్డ, అంటే క్యాబేజీ. అందులో రెండు కోడిగుడ్లు, గుప్పెడు శనగపిండి, వాము. నా మీటర్ దాదాపు కదల్లేదు.

"బాగనే ఉంది గని, మీ బావకు గోబిగడ్డ అని ఎవలు చెప్పాలె?" అంది అక్క.

ఇది మా ఇంటి పాపమే. ఆయన కొత్తల్లుడిగా మా ఇంటికి వచ్చిన ఏడాది మా పెరట్లో గోబిగడ్డ విరగకాసింది. మా అమ్మ పూట పూటకూ అదే వండింది. పప్పులో అది, వేపుడు అది, పచ్చడి కూడా అదే. అత్తగారింట్లో కాదనలేక తిన్న మనిషి, మా వాకిలి దాటగానే జన్మలో మళ్లీ ముట్టనని ఒట్టేసుకున్నాడు.

"ఎవలు చెప్పొద్దు," అన్నాను నేను. "కండ్లకైతే ఆనది. ముక్కు సంగతి వెల్లుల్లి చూసుకుంటది."

బావ తిన్నాడు. "ఇది పిజ్జా అంటే! ఇందుల ఏమేసినవే?" అన్నాడు. "పప్పు," అంది అక్క, గోడ వైపు చూస్తూ.

అప్పటి నుంచి కింది బేకరీ వాసన మెట్లెక్కి వచ్చినా, పైన ఇంకో వాసన ఎదురొచ్చేది. డాక్టరు మాత్రలు మార్చాడు. అక్క పొద్దున్నే రైల్వే గేటు దాకా నడిపించేది. ఏది ఎంత పని చేసిందో నేను చెప్పలేను, కానీ షుగర్ దిగింది. ఈసారి తేదీ తప్పలేదు. ఒక కంటికి ఆపరేషన్ అయింది.

కట్టు విప్పి, చుక్కల మందు రోజులు గడిచాక నేను వెళ్లాను. బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. అక్క వేడి వేడి పిజ్జా తెచ్చి ముందు పెట్టింది. ఆయన ముక్క తీసి నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"ఈ పచ్చపచ్చగ ఏందిరా?"

"కొత్తిమీర," అన్నాను.

అక్కకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చింది.

బావ రెండు వేళ్లతో ఒక పోగు లాగాడు. అంగీ గుడ్డలోంచి దారం లాగి అసలా నకిలీయా చూస్తాడు చూడండి, అలాగే. "కొత్తిమీర గిట్ల పోగులు పోగులు ఉంటదా? గోబిగడ్డ!"

నేను కిటికీలోంచి బజారు వైపు చూశాను.

"ఎప్పటి సంది?"

"కండ్లు ఆననప్పటి సంది," అంది అక్క లోపలి నుంచే.

"అంటే, కండ్లు లేవని అక్కాతమ్ముడు కలిసి నాకు మీ అమ్మ గోబిగడ్డనే పెట్టిండ్రన్నట్టు!"

ముక్కను అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. తరువాత కొరికాడు. నమిలి మింగాడు. అక్క వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

"రేపటి సంది చీజ్ ఇంకింత ఎక్కువ ఎయ్యి," అన్నాడు. చెయ్యి తుడుచుకుని, సూది తీసి, దారం తడిచేసి తానే ఎక్కించాడు.

ఇక కత్తెర మీద ఒట్టు వేశాను కాబట్టి ఒప్పుకోవాలి. కల్పించింది ఒక్కటే. ఆ మొదటి రోజు చీజు జానెడు సాగి తెగిపోయింది. బాబిన్, షేర్వాణీ, ఊడని గుండీ, అవన్నీ నావే.

చిక్కేమిటంటే, నేను ఎప్పుడో నవ్వులకు చెప్పిన ఆ కతను ఇప్పుడు బావే గిరాకీకి చెబుతున్నాడు. ఎవరైనా నమ్మకపోతే మిషను ఆపి, మెడలో టేపు సర్దుకుని అంటాడు: "నేను నా రెండు కండ్లతోని చూసిన!"

ఆ రోజుల్లో ఆ రెండు కళ్లకు సూదిబెజ్జం కూడా ఆనేది కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నమ్మనివాళ్లు నావైపు చూస్తారు. గుండీ ఇంకా గట్టిగానే ఉందని నేను తలూపుతాను.