తొట్టిలో ఉప్పునీళ్లు

నాలుగేళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరెవరో నాకు తెలియదు.

ఈ అరబ్బు దేశంలో, అబూ హలీఫాలో ఒక సరుకుల దుకాణం వెనక వంటగది బాధ్యత నాది. అమ్ముడుపోని కూరగాయలు చెడకముందే వండి ముందు కౌంటర్లో అమ్ముతాం. తొక్కలూ వాడేసిన టీపొడీ గుడ్డుపెంకులూ వానపాముల తొట్టికి పోతాయి. ఎండ దెబ్బకు చస్తాయని ఆ తొట్టిని ఏసీ ఉన్న గోదాములో ఉంచాం. ఈ పద్ధతంతా నేనే పెట్టాను. చెత్తబుట్టలోకి ఏదీ పోకూడదు, కాలువలోకి ఏదీ పోకూడదు. గోడ మీద రాసి అంటించాను కూడా.

తొట్టిని సాకింది మాత్రం ఓబులమ్మ. రాయచోటి దగ్గరి మనిషి. ఇక్కడే సల్వాలో ఒక ఇంట్లో పన్నెండేళ్లు పని చేసి, తాను 'మామా' అని పిలిచే ఆ ఇంటావిడ చనిపోయాక మా దగ్గరికి వచ్చింది. ఆ ఇంట్లో రోజూ పళ్లేలకు పళ్లేలు అన్నం పారబోయడం చూసి కడుపు తరుక్కుపోయేదట. అందుకే మా తొట్టి అంటే ఆమెకు ప్రాణం. వానపాముల్ని "నా పిల్లోళ్లు" అనేది. పుచ్చకాయ తొక్కను సన్నగా తరిగి పెట్టేది, వాటికి పళ్లు లేవు గదా అని.

శుక్రవారం శుక్రవారం తొట్టికి దిష్టి తీసేది. పిడికెడు ఉప్పు మూడుసార్లు తిప్పి, గ్లాసు నీళ్లలో కలిపి సింకులో పోసేది. నేను హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. బాబాల గుట్టు విప్పడానికి నిప్పుల మీద నడిచి చూపించినవాణ్ణి. ఊరుకుంటానా? వాదనకు దిగేవాణ్ణి.

"నిప్పుల మీద నడిస్తివంట, పిడికెడు ఉప్పుకు జడుస్తావేంది నాయనా?" అని నవ్వేది. నాకూ నవ్వొచ్చేది. ఒకసారి నేను జ్వరంతో పడుకుంటే నాకూ తిప్పింది. కళ్లు మూసుకుని నిద్ర నటించాను. వద్దనలేదు. నిజం చెప్పాలంటే, బాగుంది.

ఒకరోజు చూస్తే తొట్టిలో వానపాములన్నీ చచ్చిపోయి ఉన్నాయి. ఎందుకు చచ్చాయో నాకు ఆ క్షణమే తెలిసింది. ఆలివ్ కాయలు ఊరేసిన పెద్ద డబ్బాల్లోని ఉప్పునీళ్లు కాలువలో పోయకూడదన్న నా నియమం కోసం, ఆలోచించకుండా ఆ వారమే తొట్టిలో పోశాను. ఇంతలో యజమాని వచ్చాడు. ఎలా చచ్చాయని అడిగాడు. ఉప్పు వల్ల అన్నాను. అది నిజమే. ఎవరి ఉప్పు అన్నది మాత్రం చెప్పలేదు. తొట్టి పక్కనే నిలబడ్డ ఓబులమ్మ వైపు చూశాను.

"దిష్టి అని నువ్వు తిప్పిన ఉప్పేనక్కా."

"సింకులోనే పోసినా గదా నాయనా. నువ్వూ చూసినావు."

"చూశాను. చేతికి అంటుకున్నది తొట్టిలో రాలి ఉండదా?"

ఆమె అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది. "రాలిందేమో" అంది. "బతకాలని తీసినా. నా చేత్తో నేనే సంపుకుంటినా?"

యజమాని "ఖలాస్" అన్నాడు, ఇక చాలని. మర్నాటి నుంచి ఆమెకు వంటగది లేదు, దుకాణంలో నేల తుడిచే పని. నేను అక్కడితోనైనా ఆగానా? మూఢనమ్మకం ప్రాణాలు తీస్తుందని వంటగదిలో అందరికీ ఉపన్యాసం ఇచ్చాను. చిటికెడు ఉప్పుతో అంత తొట్టి చావదని తెలిసే ఇచ్చాను. రుజువు అడగడం నేర్చుకున్నవాణ్ణి, రుజువు నా చేతిలోనే ఉంటే ఎందుకు దాచాను? ఉద్యోగం పోతుందన్న భయమా? కాదనుకుంటాను. ఆమె ముందు తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాలేదు.

కొత్త వానపాముల్ని తెచ్చాక చూడమని పిలిచాను. తలుపు దగ్గరే నిలబడింది, లోపలికి రాలేదు. "నా చెయ్యి మంచిది గాదులే నాయనా" అంది. ఏడాది తర్వాత ఊరికి వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. "పిల్లోళ్లు బాగుండారా?" అని ముందు వాటినే అడుగుతుంది. పోయిన వారం చెప్పింది: "ఇంటెనక ఎరువుగుంత తవ్వినా. దిష్టి గిష్టి మానేసినా. నువ్వు చెప్పింది నిజమే నాయనా."

నేను జీవితంలో ఒక్కరి చేతనే దిష్టి మాన్పించాను. అబద్ధంతో.

అప్పుడైనా చెప్పాల్సింది. ఎరువు తడి ఎలా ఉందని అడిగి ఫోన్ పెట్టేశాను. ఆమెకు చదువు రాదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నానా? కావచ్చు. అయినా ఒక్కసారి, ఒక్క చోటైనా, ఉన్నది ఉన్నట్టు ఉండనీ.

రెండు డబ్బాలు. సోమవారం ఒకటి, బుధవారం ఒకటి. పోసింది నేను.