సమాయిల్‌లో తడిసిన బూట్లు

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు చిరాకు. పంపు మొరాయిస్తే బేరింగు చూస్తాను, సీలు చూస్తాను, నిమ్మకాయలు కట్టను. ఇది నాకే జరిగిందని రాయడం ఇష్టం లేదు. కానీ జరిగింది.

2008లో ఒమన్‌లో, సమాయిల్ దగ్గర నీటి పంపింగ్ స్టేషన్ కడుతున్నాం. పంపులు జపాన్‌వి. వాటి మీద శిక్షణకు హిరోషిమా వెళ్ళడానికి నన్ను ఎంచుకున్నారు.

అక్కడ సెలవు రోజున ఏం చూడాలో ముందే తేల్చుకున్నాను. ఇవాకునిలో ఐదు కమానుల చెక్క వంతెన. వీలైతే హిమేజీలో తెల్లటి కోట. అన్నిటికన్నా ముందు మియాజిమా దీవి ఎదుట సముద్రంలో ఉన్న ఎర్రటి ద్వారం. దాన్ని నేలలో పాతలేదు. తన బరువుతోనే నిలబడింది. ఆటు వేళ నీళ్ళు వెనక్కి పోతే దాని కిందికి నడిచి వెళ్ళొచ్చు. అక్కడ నిలబడి తలెత్తి చూడాలి. అంతే నా కోరిక.

నా రూమ్మేట్, డ్రైవర్ ఖాజా భాయ్‌ది కడప. "దినామూ అదే గేటు కథ చెప్తాండావు. నీ పెండ్లి గూడా ఆడ్నే పెట్టుకో సామీ," అని ఆటపట్టించేవాడు.

ప్రయాణం దగ్గరపడ్డాక మేనేజర్ పిలిచాడు. మా పాస్‌పోర్టులన్నీ కంపెనీ బీరువాలోనే ఉండేవి. "నీది ఇప్పుడు ఇవ్వడం కుదరదు. సురేష్ వెళ్తాడు," అన్నాడు. సురేష్ ఆయన బావమరిది, స్టోర్స్‌లో పని. పంపులోకి నీళ్ళు ఏ వైపు నుంచి వస్తాయో కూడా అతనికి తెలియదు. అతని వీసా మాత్రం అప్పటికే వచ్చేసింది!

"అక్కడ చూడాల్సినవి కాస్త చెప్పి పంపు," అని కూడా అన్నాడు. పళ్ళు బిగించి, ఆటు వేళతో సహా చెప్పాను.

సురేష్ మియాజిమా వెళ్ళిన ఆదివారం మాకు డ్యూటీ. పొద్దున్నుంచి నేను, ఖాజా భాయ్ పంపు హౌస్‌లోనే ఉన్నాం. అక్కడికి ఇంకా చుక్క నీరు రాలేదు. భోజనానికి బూట్లు విప్పితే మేజోళ్ళు పిండితే కారేంత తడి. బూట్లలో బురద ఇసుక. లేసుకు చుట్టుకుని పచ్చటి నాచు.

ఖాజా భాయ్ వాసన చూశాడు. "యాడికి పోయొస్తివి? సముద్రం వాసనొస్తాంది!" సముద్రం అక్కడికి కారులో గంట దూరం.

సురేష్ తిరిగొచ్చి నేరుగా నా మీదికే వచ్చాడు. "ఏం గురూ, అంత పొగరేంటి? గేటు కింద నిలబడి పైకి చూస్తున్నావ్. ఎంత పిలిచినా పలకవేం? ఆ నీలం డ్యూటీ కవరాల్, సైట్ బూట్లతో జపాన్ వస్తారా ఎవరైనా?"

ఈ మాట మేనేజర్ చెవిన పడింది. నన్ను దొంగను చూసినట్టు చూసి బీరువా తెరిచాడు. నా పాస్‌పోర్టు అక్కడే ఉంది. అందులో జపాన్ ముద్ర ఏదీ లేదు.

"నా పక్కనే ఉన్నాడు సార్, ఒట్టు," అన్నాడు ఖాజా భాయ్.

బూట్లలోకి ఆ తడి ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. మేనేజర్ మీద కోపం ఇంకా చల్లారలేదు. అంతకన్నా పెద్ద కోపం ఇంకొకటి ఉంది. నన్ను అక్కడిదాకా తీసుకెళ్ళింది ఏదైనా సరే, బూట్లు తడిపి పంపిందే గానీ, తలెత్తి చూసింది నాకు గుర్తు లేకుండా చేసింది.